గిన్నెలు వేరయ్యే చోటు

నవల పాఠం చెప్పడం కంటే పత్తి చేలో కలుపు తీయడం సులువని మా లెక్కల సారు ఎప్పుడూ అంటుండె. "కలుపు తీస్తే సాయంత్రానికి ఎంత తీసినామో కంటికి కనపడుతుంది మేడం. మీరు నవల చెప్తే ఏం కనపడుతుంది?" అని ఆయన వాదన. నేను తెలుగు పంతులమ్మగా రిటైరయి ఆదోనిలో ఇంట్లో కూర్చున్నాను ఇప్పుడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేనిది చెప్పండి మేడం" అంటుంటారు. వాళ్లకు నేను మంచి ఫలితాల గురించి, శాలువాల గురించి చెప్పను. ఒక నవల గురించి చెప్తాను. ఆ నవలలో ఒక చోట నేను ఇరుక్కుపోయినాను. అక్కడినుంచి నన్ను లాగింది తొమ్మిదో తరగతి పిల్లలు.

ఊరి పేరు చెప్పను. పెద్దకడుబూరు వైపు అనుకోండి, చాలు. నవల పేరూ, మనుషుల పేర్లూ కూడా చెప్పను. అందరూ నిక్షేపంగా ఉండారు, అందరి చేతుల్లో ఫోన్లు ఉండాయి, నాకు ఆ తలనొప్పి ఎందుకు?

ఆ ఏడు బడి తెరిచినప్పుడు అట్టపెట్టెల్లో పుస్తకాలు వచ్చినాయి. విప్పి చూస్తే అన్నీ ఒకే నవల, తరగతిలో తలా ఒకటి పంచేటన్ని కాపీలు. ఎవరు పంపినారో, ఎందుకు పంపినారో మా హెడ్మాస్టరుకే తెలియదు. "మళ్లీ ఎవరో వచ్చి లెక్క అడుగుతారమ్మా, బీరువాలో పెట్టి తాళం వేయండి" అన్నాడు. ఆయన మంచివాడే గాని తాళంచెవి మనిషి. నేను తాళం వేయకుండా శనివారాలు తొమ్మిదో తరగతికి ఆ నవల చెప్పడం మొదలుపెట్టినాను.

దూరదేశపు పాత నవల అది, తెలుగులోకి ఎవరో బాగా తెచ్చినారు. కొండ కింద ఒక చిన్న పట్నం. ఆ పట్నంలో మేనత్త దగ్గర పెరిగే ఒక పిల్లవాడు. కొండ మీద బొగ్గులు కాల్చుకొని బతికేవాళ్లు ఉంటారు. పట్నం వాళ్లు వాళ్లను గడప తొక్కనీయరు, వాళ్ల చేతి నీళ్లు ముట్టరు. ఒక చలికాలం పిల్లవాడు, వాని బడి స్నేహితులు కొండదారిలో మంచులో చిక్కుకుంటారు. బొగ్గులు కాల్చే ఒక విధవరాలు వాళ్లను గుడిసెలోకి పిలిచి, మంచు కరిగేదాకా తన కుండలోదే తీసి పెడుతుంది. వాడు ఆమెను అమ్మా అని పిలుస్తాడు. మంచు కరుగుతుంది, అందరూ ఇండ్లకు పోతారు. తరువాత ఆమె రొట్టెలు అమ్ముకుందామని పట్నం సంతకు వస్తుంది. వాణ్ని చూసి నవ్వుతుంది. వాడు మొహం తిప్పుకుంటాడు.

అంతే. ఎందుకు తిప్పుకున్నాడో రచయిత ఒక్క ముక్క రాయలేదు. మేనత్త పక్కన లేదు, స్నేహితులు లేరు, కొట్టేవాళ్లు తిట్టేవాళ్లు ఎవరూ లేరు. మిగిలిన పుస్తకమంతా ఆ ఒక్క క్షణాన్ని మోసుకుంటూ వాడు పెద్దవాడు కావడమే. నేను ఎన్నిసార్లు చదివినా అక్కడే బండి ఆగిపోతుండె. వీడు మంచివాడు, ఆమె అంటే ప్రేమ ఉంది, మరి ఎందుకు తిప్పుకున్నాడు? లెక్కల సారుది ఎమ్మిగనూరు, మగ్గాల ఇంటి మనిషి, ఏదైనా పోగు పోగు విడదీసి చెప్తాడని ఆయన్నే అడిగినాను. "రచయిత మర్చిపోయి ఉంటాడు మేడం" అనేసినాడు.

పిల్లలను అడగడం దండగ అనుకున్నాను. ఎందుకంటే మా పిల్లలకు పాత్ర స్వభావం రాయమంటే మూడే మాటలు వచ్చు. దయాగుణం కలవాడు, ధైర్యశాలి, ఆదర్శప్రాయుడు. ఏ పాఠం ఇచ్చినా అవే. ఒకసారి గాడిద కథ చెప్పి స్వభావం రాయమంటే గాడిద కూడా ఆదర్శప్రాయుడే అయింది. ఇతివృత్తం అడిగితే "వివక్ష తప్పు అని రచయిత చాటిచెప్పినాడు" అని అందరూ ఒకే గొంతుతో చెప్పినారు. అంత చక్కగా చెప్పి, గంట కొట్టగానే లేచి పోయి వేప చెట్టు కింద ఎవరి క్యారియర్లు వాళ్లు విప్పుకున్నారు.

ఆ క్యారియర్ల సంగతి చెప్పల్ల. అంతకుముందు బడిలో మధ్యాహ్నం వంట చేసే ముసలామె మోకాళ్లు పట్టేసి మానుకునింది. ఆ జూన్‌లో కొత్త వంటామె వచ్చింది. చర్చి వీధి మనిషి, భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆ కూతురు నా తొమ్మిదో తరగతిలోనే చదువుతుండె. వంటామె వచ్చిన వారానికి ఊర్లోని పిల్లలు ఒక్కొక్కరే ఇంటినుంచి అన్నం తెచ్చుకోవడం మొదలుపెట్టినారు. ఎవరూ కారణం చెప్పరు. ఒకరికి కడుపు నొప్పి, ఒకరికి పప్పు పడదు, ఇంకొకరికి వాళ్లమ్మ చేతి ఊరిబిండి పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. ఊరంతా ఒకేసారి కడుపు నొప్పి రావడం నేను అప్పుడే చూసినాను!

తినేవాళ్ల సంఖ్య హెడ్మాస్టరు రోజూ యాప్‌లో పెట్టల్ల. అది తగ్గుతూ పోయేకొద్దీ ఆయన మొహం వాడిపోతుండె. పిల్లల తల్లిదండ్రుల కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, "పిల్లోల్లు తినడం లేదు గదా సార్, మనిషిని మార్సండి" అని చల్లగా చెప్పిపోయినాడు. దసరా సెలవుల ముందు కమిటీ కూర్చొని తేల్చాలని నిర్ణయమయింది.

వంటామెను అడిగితే ఏడవలేదు, తిట్టలేదు. "ఈ పని ఉంటే పాప సదువుతాది మేడం. లేకుంటే ఇద్దరం సుగ్గికి పోతాం" అనింది.

సుగ్గి అంటే మా వైపు వలస. వానలు మొహం చాటేసినప్పుడు ఊళ్లకు ఊళ్లు లారీలెక్కి గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతాయి. పిల్లలను ఎవరి దగ్గర వదలాల? వాళ్లూ పోతారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. ఒక ఏడు తప్పిపోయిన ఆడపిల్ల రెండో ఏడు బడి గేటు తట్టదు, మా సర్వీసులో అందరికీ తెలిసిన సంగతే. ఈ పిల్ల పోయిన సుగ్గికి పోయి వచ్చి కిందామీదా పడి తొమ్మిదికి వచ్చింది. ఇంకొకసారి పోతే ఇంతే సంగతులు.

మేము ఊరుకోలేదు. నేను పోయి పిల్లల మధ్యలో కూర్చొని వంటామె వండిన అన్నం రోజూ తిన్నాను. చూసి నేర్చుకుంటారని నా ఆశ. ఒక పిల్లోడు నా పళ్లెం వంక జాలిగా చూసి, "మీరు టీచరు గదా మేడం, ఆదోనికి పోతారు, మీకేమైతాది" అన్నాడు. లెక్కల సారు ఇంకొక మెట్టు ఎక్కినాడు. తల్లిదండ్రులను పిలిచి చట్టం ఏం చెప్తుందో, ఎన్ని రకాల శిక్షలున్నాయో చదివి వినిపించినాడు. మరుసటి రోజు, ఊరి పిల్లల్లో అప్పటిదాకా బడిలో తింటున్న నలుగురు కూడా క్యారియర్లు తెచ్చుకున్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. సారు వారం రోజులు నాతో నవల గురించి ఎకసెక్కాలాడలేదు పాపం.

ఇట్లా ఉండగా ఒక శనివారం ఆ సంత అధ్యాయం చదువుతున్నాము. చదవడం అయినాక, అలవాటు కొద్దీ అడిగినాను.

"వాడు మొహం ఎందుకు తిప్పుకున్నాడు?"

నేనే ఇంక పుస్తకం మూసేద్దామనుకుంటుంటే, కమిటీ పెద్దమనిషి కూతురు ముందు బెంచీలోనుంచి లేచింది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు.

"దాంట్లో ఏముంది మేడం? ఊరికి వచ్చేసినాడు గదా."

"ఊరికి వస్తే?"

"పోయిన సుగ్గిలో మేమందరం వంటక్క సేతి రొట్టెలే తింటిమి. ఊరికొచ్చినాక తినం. అట్లనే వాడు గూడా."

ఏదో బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది. వెనక బెంచీలో వంటామె కూతురు తల వంచుకొని పుస్తకం అంచు గిల్లుతుండె. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఈ మాట నోరు తెరిచి చెప్పలేదు.

అక్కడ నేను నీతి చెప్పి ఉంటే కథ అయిపోతుండె. నాకు నీతి గుర్తుకే రాలేదు. తెలుసుకోవాలని కుతూహలం పట్టుకునింది. సుగ్గిలో ఎవరు వండుతారు, ఎవరెవరు తింటారు, ఎట్లా కూర్చుంటారు, అన్నీ అడిగినాను. తరగతి తరగతంతా గట్టు తెగినట్లు మాట్లాడింది. సగం మంది ఆ లారీలో పోయినవాళ్లే. చేను పక్క గుడారాలు, అందరికీ ఒకటే పొయ్యి. ఆడవాళ్లంతా తెల్లవారకముందే చేలోకి పోవల్ల కాబట్టి వంటకు ఒకరిని పెట్టుకుంటారు. జొన్నరొట్టెలు చేయడంలో ఈమెను మించినవాళ్లు లేరని ఈమెనే పెట్టినారు. పిండి అందరిదీ, గిన్నెలు అందరివీ. "మా నాయన నాలుగు రొట్టెలు తిని ఇంగొకటి అడుగుతుండె మేడం" అనింది పెద్దమనిషి కూతురు.

"మరి యాడ ఆగిపోయిందే అది?" అన్నాను. నాకు తెలియకుండానే నా భాష కూడా వాళ్లదైపోయింది.

ఆ ప్రశ్న మీద పెద్ద రభసే జరిగింది. వచ్చే దారిలో ఎమ్మిగనూరులో టీ తాగినప్పుడు కూడా ఆమె బాటిల్లో నీళ్లు తాగినామని ఒకడు. కాదు, అప్పటికే మా అవ్వ వద్దనిందని ఇంకొకతె. చివరికి గొంతు పెద్ద పిల్లోడు ఒకడు తేల్చినాడు. "ఊరి కాడ లారీ ఆగుతాది గదా మేడం. దిగకముందే ఎవురి గిన్నెలు వాళ్లు ఏరుకుంటారు. ఈ సట్టి మాది, ఆ తట్ట మీదని. ఆడ."

అందరూ ఒప్పుకున్నారు. గిన్నెలు వేరయ్యే చోట.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య" అని వెనకనుంచి ఎవరో అన్నారు. తరగతి నవ్వింది. నాకు ఆ సామెత సగమే సరిపోయిందనిపించింది. సామెతలోనివాడు విశ్వాసం లేనివాడు. వీళ్లు అట్లా కాదు. వంటామెకు జ్వరమొస్తే మందులు పంపుతారు, ఆమె ఎదురైతే నవ్వుతారు, ఆమె రొట్టెలను ఇప్పటికీ మెచ్చుకుంటారు. తినరు, అంతే. నవలలో పిల్లవాడు ఎందుకు మొహం తిప్పుకున్నాడో రచయిత ఎందుకు రాయలేదో అప్పుడు తెలిసింది. వాని ఊర్లో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. నేను పుస్తకంలో వెతుకుతున్న కారణం వాని మనసులో లేదు, వాని ఊర్లో ఉంది.

కమిటీ కూర్చునే రోజు వచ్చింది. మా బడిలో ఏ సభ జరిగినా ముందు పిల్లలది ఏదో ఒక ఐటెం ఉండల్ల, సాధారణంగా సినిమా పాటకు డాన్సు. తొమ్మిదో తరగతి మాత్రం ఆ నవల ఆడతామనింది. "మంచు అంటే ఎవురికి తెలుసు మేడం? మిరప చేలో తుఫాను వాన పెడతాం" అన్నారు. పెట్టుకోండన్నాను. విధవరాలి వేషం ఎవరు వేస్తారంటే వంటామె కూతురు గట్టిగా తల అడ్డంగా ఊపింది. పెద్దమనిషి కూతురు ఎగిరి దూకి నేనంటే నేననింది. వాళ్ల నాయన ఎదురుగా కూర్చుంటాడని గుర్తు చేసినాను. "కూర్సోనీ మేడం" అనింది.

హెడ్మాస్టరుకు విషయం తెలిసి చెమటలు పట్టినాయి. "నాకు ఇంకా కొన్ని నెలలే సర్వీసు ఉందమ్మా" అన్నాడు. అయినా ఆపలేదు. ఆయనకు ఆ మాత్రం ధైర్యం ఉండిందని నేను ఇప్పటికీ చెప్తుంటాను.

సభ మొదలైనాక పెద్దమనిషి కూతురు కొంగు దోపుకొని, అరచేతుల మధ్య లేని రొట్టెను టపటప తడుతూ, "తిను నాయనా, ఇంగొకటి ఏసుకో, పొద్దుగూకేదాకా కాయలు కోయల్ల" అనేసరికి వచ్చిన ఆడవాళ్లంతా పకపకా నవ్వినారు. "అచ్చం ఆయమ్మ మాదిరే సేస్తాందే!" అని ఒకామె మోకాలు చరిచింది. వంటగది గుమ్మం దగ్గర నిలబడిన వంటామె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. వానలో తడిసి వచ్చినవాళ్లు ఆమె చుట్టూ కూర్చొని తిన్నారు. తరువాత లారీ దిగినారు, గిన్నెలు ఏరుకున్నారు. అది నవలలో లేదు, వాళ్లు కలిపిందే. తరువాత సంత. విధవరాలు రొట్టెల తట్ట దించుకొని, గొంతు పెద్ద పిల్లోణ్ని చూసి, "ఏం నాయనా, తింటివా?" అని అడిగింది. వాడు మొహం తిప్పుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. పిల్లలు వంగి దండం పెట్టినారు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లెక్కల సారు నా వైపు చూసి, అయిపోయింది మన పని అన్నట్లు కళ్లు మూసుకున్నాడు. పెద్దమనిషి లేచినాడు. కూతురిని నాలుగు తిడతాడని అనుకున్నాను.

"మేడం, ఈ కత ఇంతేనా?" అన్నాడు.

"ఇంకా ఉందప్పా."

"ఆ పిల్లోడు పెద్దయినాక ఏం సేసినాడు?"

ఉన్నది ఉన్నట్లు చెప్పినాను. వాడు పెద్దవాడై, ఆమెను చూడాలని కొండ ఎక్కి పోతాడు. గుడిసె ఉంటుంది, ఆమె ఉండదు. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "ఆలీసెం సేసినాడు" అన్నాడు. హెడ్మాస్టరు వైపు తిరిగినాడు. "మనిషిని మార్సొద్దులే సార్. మా పిల్ల రేపట్నుంచి ఈడే తింటాది. మిగతావాళ్లు వాళ్ల ఇష్టం." రెండడుగులు వేసి, మళ్లీ తిరిగి నాతో అన్నాడు. "నన్ను మాత్రం తినమని అడగొద్దు మేడం. నాకు రాదు."

"నాకు ఇష్టం లేదు" అనలేదు, "రాదు" అన్నాడు, ఈత రాదన్నట్లు. ఆ మాట మీద నాకు కోపం రావాలో, జాలి పడాలో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం సంతోషమే వేసింది, ఎందుకు దాచాలి? వంటగదిలోకి ఉరికినట్లే పోయి వంటామెకు చెప్పినాను. ఆమె పప్పు ఎనుపుతూనే, "ఆయప్ప ఈడ తినకుంటే ఆయప్పకే నష్టం మేడం" అనింది. అని, వెనక్కి తిరిగి చాలాసేపు కళ్లు తుడుచుకునింది.

క్యారియర్లు ఒక్కరోజులో మాయం కాలేదు. కొన్ని చివరిదాకా వచ్చినాయి. యాప్‌లో సంఖ్య మాత్రం నెమ్మదిగా పెరిగింది, వంటామె పని నిలిచింది. దసరా తరువాత లారీలు కదిలినప్పుడు ఆ లారీల్లో తల్లీకూతుళ్లు లేరు.

కొత్త పంతుళ్లకు నేను ఈ కథ చెప్తే ఇక్కడ లేచి చప్పట్లు కొట్టబోతారు. కూర్చోండి అంటాను. నవల ఇంకా అయిపోలేదు.

మరుసటి ఏడు వాళ్లు పదో తరగతి. వంటామె కూతురు కూడా. పునశ్చరణ క్లాసులో ఆ నవల ప్రస్తావన ఎందుకో వచ్చింది. పిల్లవాని స్వభావం చెప్పమంటే ఈసారి మూడు మాటలు వల్లించలేదు. మంచివాడే గాని ఊరికి భయపడినాడు, నొచ్చుకున్నాడు, ఆలస్యంగా మారినాడు అని తలా ఒకటి చెప్పినారు. నాకు కడుపు నిండింది. అప్పుడు వంటామె కూతురు చెయ్యెత్తింది. రెండేళ్లలో నా క్లాసులో తనంతట తాను చెయ్యెత్తడం అదే మొదటిసారి.

"మేడం, కతంతా వానికెట్ల నొప్పి కలిగిందనే ఉంది."

"అవును."

"ఆ బొగ్గులామెకు ఒక కూతురుందనుకోండి. సంతలో వాడు మొగం తిప్పుకున్నప్పుడు ఆ పిల్ల తట్ట పక్కనే నిలబడి ఉంటే? వాడు పెద్దయింది రాసినారు. ఆ పిల్ల ఎట్ల పెద్దయిందో ఎందుకు రాయలే?"

ముందు బెంచీలో పెద్దమనిషి కూతురు కూడా వెనక్కి తిరిగి చూసింది. అన్ని సార్లు చదివిన నవల, ఆ గుడిసెలోకి అన్ని సార్లు పోయి వచ్చినాను, అక్కడ ఇంకొక మనిషి ఉండొచ్చని నాకు ఒక్కసారీ తోచలేదు. ఈ పిల్ల సుగ్గికి పోయుంటే ఈ ప్రశ్న ఏ మిరప చేలోనో పోయేది, నా క్లాసుకు వచ్చేది కాదు.

"నువ్వే చెప్పు, ఎట్లా పెద్దయి ఉంటుంది?" అన్నాను.

ఆ పిల్ల పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"నేనింగా పెద్ద కాలే గదా మేడం" అనింది. "అయినాక సెప్తా."